సెలైన్ అయిపోయాక మొదలయ్యే వారం

కీమో రోజున అందరి కళ్లూ రోగి మీదే ఉంటాయి. బీపీ చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు, సెలైన్ చుక్కల వేగం సరిచేసేవాళ్లు సరిచేస్తూనే ఉంటారు, వాంతి రాకముందే వాంతులకు సూది పడుతుంది. సాయంత్రానికి చేతికున్న సూది తీసి, మాత్రల చీటీ ఇచ్చి, ఫలానా రోజు మళ్లీ రమ్మని పంపిస్తారు. ఇల్లు చేరాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఈ సైకిల్ గట్టెక్కింది అనుకుంటారు. కిడ్నీల సంగతి మాత్రం అప్పుడే మొదలవుతుంది. కొన్ని కీమో మందులు కిడ్నీ కణాలకు చేసే నష్టం ఎక్కించిన రోజున మామూలు పరీక్షల్లో దొరకదు. రెండో రోజుకూ పదో రోజుకూ మధ్య, ఆసుపత్రికి దూరంగా, రోగి ఇంట్లో మంచం మీద ఉండగా అది ముదురుతుంది. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. వాళ్లకు ఆ సంగతి ఎవరూ వివరంగా చెప్పరు. ఈ అధ్యాయం అందుకే.

కీమో మందులన్నీ కిడ్నీని దెబ్బతీయవు. తీసేవైనా ఒకే దారిలో తీయవు. అన్నిటినీ కలిపి చెబితే భయం తప్ప ఏమీ మిగలదు కాబట్టి ఒక్క మందును పట్టుకుని చివరిదాకా వెళ్దాం. దాని పేరు సిస్‌ప్లాటిన్. గుట్కా, ఖైనీ తెచ్చిపెట్టే నోటి క్యాన్సర్‌లో, గొంతు క్యాన్సర్‌లో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో రేడియేషన్‌తో పాటు, అంటే పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అంటారే దానితో పాటు, వారానికోసారో మూడు వారాలకోసారో ఎక్కించేది ఎక్కువగా ఇదే. ఊపిరితిత్తులు, అండాశయం, వృషణాలు, మూత్రాశయం క్యాన్సర్లలోనూ దీని వాడకం ఎక్కువ. మీ ఇంట్లోవాళ్లకు ఎక్కిస్తున్నది ఇదో కాదో కేస్ షీటులో రాసి ఉంటుంది. తెలియకపోతే నర్సమ్మను అడగండి. మందు పేరు, డోసు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకంతో ముందు ముందు చాలా పని ఉంది.

ఈ మందు కథలో కిడ్నీకి మొదటి నుంచీ చోటుంది. అమెరికాలో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బాక్టీరియా మీద విద్యుత్తు ప్రభావం చూడాలనుకున్నాడు. బాక్టీరియా పొడవుగా సాగుతున్నాయి గానీ రెండుగా విడిపోవడం లేదు. కారణం విద్యుత్తు కాదని, ప్లాటినం కడ్డీల నుంచి ద్రవంలోకి దిగిన ప్లాటినం సమ్మేళనాలని తర్వాత తేలింది. 1965లో ఆ సంగతి బయటపెట్టాడు. కణ విభజనను ఆపేది క్యాన్సర్‌ను ఎందుకు ఆపకూడదన్న ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది. మనుషుల మీద ప్రయత్నించినప్పుడు గడ్డలు కరిగాయి, కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎంతగా అంటే మందును పక్కన పెట్టేద్దామా అన్నంతగా. 1974లో ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ దీన్ని మరో రెండు మందులతో కలిపి వృషణాల క్యాన్సర్‌కు ఇచ్చి, అప్పటిదాకా కుర్రాళ్ల ప్రాణాలు తీస్తున్న జబ్బును నయమయ్యే జబ్బుగా మార్చాడు. 1977లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ఎస్టెబాన్ స్విట్కోవిచ్, ఆయన సహచరులు మందుకు ముందూ వెనకా ద్రవాలు బాగా ఎక్కించి, మానిటాల్ ఇచ్చి, మూత్రం ధారాళంగా పోయేలా చేస్తే కిడ్నీ నష్టం బాగా తగ్గుతుందని చూపారు. 1978 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతి ఇచ్చింది. ఇవాళ వార్డులో ‘ఇన్ని సీసాల సెలైన్ ఎందుకమ్మా’ అని విసుక్కుంటామే, ఆ సీసాల వల్లనే ఈ మందు బతికింది. దానితో పాటు లక్షల మంది బతికారు.

కిడ్నీలో ఏం జరుగుతుంది

ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ అంటే ఒక చివర సన్నని రక్తనాళాల గుచ్ఛం, దానికి తగిలించిన పొడవైన గొట్టం. గుచ్ఛంలో రక్తం వడపోతకు గురవుతుంది. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడపోస్తాయి. మనం పోసే మూత్రం మాత్రం ఒకటిన్నర, రెండు లీటర్లే. మిగతాదంతా ఆ గొట్టం గోడలో ఉన్న కణాలు వెనక్కి లాగి రక్తంలో కలుపుతాయి. నీరు, ఉప్పు, గ్లూకోజ్, మెగ్నీషియం, పొటాషియం అన్నీ అలా తిరిగి రావలసిందే. ఈ పనిలో మూడింట రెండు వంతులు గొట్టం మొదటి మెలికల భాగమే చేస్తుంది. ఇంత చాకిరీ చేయాలంటే శక్తి కావాలి. అందుకే ఆ కణాల నిండా మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి.

సిస్‌ప్లాటిన్ చాలా చిన్న అణువు. గుచ్ఛం దగ్గర సులువుగా జారి గొట్టంలోకి వస్తుంది. అంతటితో మూత్రంలో కొట్టుకుపోతే ఇబ్బంది ఉండేది కాదు. గొట్టం కణాలకు రక్తం వైపున్న గోడలో ఓసీటీ2 అనే రవాణా ప్రొటీన్ ఉంటుంది. శరీరంలో చేరిన కొన్ని వ్యర్థాలను, మందులను రక్తంలోంచి పట్టి మూత్రంలోకి నెట్టడం దాని పని. అది సిస్‌ప్లాటిన్‌ను కూడా పట్టి లోపలికి లాగుతుంది. రాగిని మోసే మరో ప్రొటీన్ కూడా చేయి కలుపుతుంది. లోపలికి వచ్చినంత వేగంగా మందు బయటికి పోదు. ఫలితంగా ఆ కణాల్లో మందు గాఢత రక్తంలో ఉన్నదానికి అయిదు రెట్ల దాకా చేరుతుంది. విషాన్ని బయటికి పంపాలన్న శ్రద్ధే ఆ కణాల మీదికి ముప్పు తెస్తుంది. చెవి లోపల శబ్దాన్ని పట్టే కణాల్లోనూ ఇదే ఓసీటీ2 ఉంటుంది. కొందరికి కీమో తర్వాత చెవుల్లో హోరు రావడం, వినికిడి తగ్గడం ఇందువల్లే. రోగి ‘చెవిలో గుయ్ మంటోంది’ అంటే కొట్టిపారేయకుండా డాక్టరుకు చెప్పండి.

కణం లోపలికి వెళ్లాక మందు స్వభావం మారుతుంది. రక్తంలో ఉప్పు ఎక్కువ, అంటే క్లోరైడ్ ఎక్కువ. మందు అణువుకున్న రెండు క్లోరిన్లు అక్కడ వాటి చోట్లలోనే ఉంటాయి, మందు నెమ్మదిగా ఉంటుంది. కణం లోపల క్లోరైడ్ బాగా తక్కువ. అక్కడ క్లోరిన్లు ఊడి వాటి చోటికి నీరు చేరుతుంది, ప్లాటినం దేన్నైనా అంటుకునే స్థితికి వస్తుంది. క్యాన్సర్ కణంలో అది డీఎన్ఏను పట్టుకుని విభజనను ఆపుతుంది, మనకు కావలసింది అదే. కిడ్నీ కణంలో ముఖ్యంగా మైటోకాండ్రియాను పట్టుకుంటుంది. శక్తి తయారీ కుంటుపడి ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. కణం తనను కాపాడుకోవడానికి గ్లూటాథయోన్‌ను మందుకు తగిలిస్తే, కిడ్నీలోని ఎంజైములు దాన్ని అంచెలంచెలుగా మార్చి మరింత ఘాటైన పదార్థంగా తయారుచేస్తాయి. ఈలోగా దెబ్బతిన్న కణాల నుంచి వచ్చే సంకేతాలతో వాపు మొదలవుతుంది, చుట్టుపక్కల సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. మొదటి మెలికల గొట్టం చివరి భాగం కిడ్నీ లోలోపలికి దిగి ఉంటుంది, అక్కడ మామూలుగానే ఆక్సిజన్ తక్కువ. ఎక్కువ దెబ్బ తినేది అదే. కొన్ని కణాలు క్రమంగా తమను తాము ముగించుకుంటాయి, కొన్ని పగిలిపోతాయి, ఊడి గొట్టంలో పడి దారిని మూసేవీ ఉంటాయి.

వార్డులో గ్లూకోజ్ సీసా బదులు ఉప్పు సెలైన్ ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. లీటరుకు 9 గ్రాముల ఉప్పున్న ఆ ద్రవం మందును పలచన చేస్తుంది, గొట్టంలో ఎక్కువసేపు నిలవకుండా తోసేస్తుంది, పైగా క్లోరైడ్ ఇచ్చి మందును నెమ్మదిగా ఉంచుతుంది. ‘నీరసంగా ఉంది, గ్లూకోజ్ పెట్టండి’ అని నర్సును బతిమాలేవాళ్లను చాలాచోట్ల చూస్తాం. ఆ పూటకు మీ వాళ్లకు కావలసింది ఉప్పునీరే.

‘మూత్రం బాగానే వస్తోంది’

కిడ్నీ పాడైతే మూత్రం ఆగిపోతుందని, ఒళ్లు వాస్తుందని మన లెక్క. సిస్‌ప్లాటిన్ దెబ్బలో ఎక్కువసార్లు మూత్రం ఆగదు. కొందరికి మామూలు కన్నా ఎక్కువే వస్తుంది, ఎందుకంటే నీటిని వెనక్కి లాగాల్సిన గొట్టం ఆ పని సరిగ్గా చేయలేకపోతోంది. నొప్పి ఉండదు, మంట ఉండదు. ఈ మందు తీసుకున్నవారిలో దాదాపు మూడో వంతు మందికి ఎంతో కొంత కిడ్నీ దెబ్బ ఉంటుందని తెలిసినా, చాలా ఇళ్లలో అది తెలియకుండానే గడిచిపోవడానికి ఇదే కారణం.

కిడ్నీ బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తపరీక్షలో పెరగడం కూడా ఆలస్యంగానే కనిపిస్తుంది. వరిలో కాండం తొలిచే పురుగు చేరినప్పుడు తెల్లకంకి బయటపడే వేళకు లోపల పురుగు పని చాలావరకు అయిపోయి ఉంటుంది. క్రియాటినిన్ అలాంటి తెల్లకంకి. కణాలు మొదటి రెండు మూడు రోజుల్లో దెబ్బతింటే, రిపోర్టులో అంకె మూడో రోజు తర్వాత కదలడం మొదలై వారం పది రోజులకు పైకి చేరుతుంది. అందుకే మూడు వారాల సైకిలైతే, తర్వాతి కీమోకు ముందు రోజు చేసే పరీక్ష ఒక్కటే చాలదు. ఏడో రోజుకూ పదో రోజుకూ మధ్య క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం చేయించాలా అని డాక్టరును అడగండి. ఊళ్లోని ల్యాబులో చేయించి రిపోర్టు ఫొటో పంపితే చాలనే డాక్టర్లు చాలామంది ఉన్నారు.

రిపోర్టు చేతికొచ్చాక మనం చేసే పని ఒకటుంది. అంకె పక్కన నల్ల అక్షరాల్లో ఎక్కువ అనే గుర్తు ఉందా లేదా చూసి, లేకపోతే మడిచి సంచిలో పెట్టేస్తాం. ఇక్కడ ఆగమని నా మనవి. ల్యాబు వాళ్లు వేసే మామూలు పరిధి ఏ 0.6 నుంచి 1.2 దాకానో ఉంటుంది. ఒకామెకు కీమోకు ముందు 0.6 ఉండి, పదో రోజున 0.9 వచ్చిందనుకోండి. కాగితం మీద ఏ గుర్తూ ఉండదు. కానీ వారం పది రోజుల్లో అంకె ఒకటిన్నర రెట్లయింది, డాక్టర్ల కొలతలో అది కిడ్నీ దెబ్బే. రెండు రోజుల్లో 0.3 పెరిగినా అంతే. ఒక్క రిపోర్టు ఒంటరిగా ఏమీ చెప్పదు. మొదటి కీమోకు ముందు ఉన్న అంకె పక్కన పెట్టి చూసినప్పుడే అది మాట్లాడుతుంది. నోటుపుస్తకం ఇందుకే. ఒక పేజీలో తేదీ, క్రియాటినిన్, మెగ్నీషియం, పొటాషియం, బరువు వరసగా రాసుకుంటూ పోండి. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఫైలు మొత్తం తిరగేయకుండా ఆ పేజీ ముందు పెట్టి, ‘డాక్టరుగారూ, మొదట్లో 0.6 ఉండేది, ఇప్పుడు 0.9 అయింది, ఈసారి డోసు అంతే ఉంచొచ్చా?’ అని అడగండి. ఓపీలో ఆయనకు దొరికేది కొద్ది నిమిషాలే. ఆ ఒక్క ప్రశ్న ఆ నిమిషాలను సరైన చోటికి తీసుకెళ్తుంది.

ఇంకో చిక్కు ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. క్యాన్సర్‌తో కండ కరిగిన మనిషిలో అది తక్కువే తయారవుతుంది, కాబట్టి కిడ్నీ సగం పని మానేసినా అంకె అందంగానే కనిపించవచ్చు. ఒక లెక్క చేద్దాం. 140లోంచి వయసు తీసేసి బరువుతో గుణించండి. దాన్ని 72తో, క్రియాటినిన్‌తో భాగించండి. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించండి. నిమిషానికి కిడ్నీ ఎన్ని మిల్లీలీటర్ల రక్తద్రవాన్ని శుభ్రం చేస్తోందో సుమారుగా తెలుస్తుంది. క్రియాటినిన్ 1.0 ఉన్న 30 ఏళ్ల, 70 కిలోల కుర్రాడికి ఇది 107 వస్తుంది. అదే 1.0 ఉన్న 62 ఏళ్ల, 45 కిలోల పెద్దావిడకు 41. రెండు రిపోర్టుల మీదా ఉన్నది ఒకే అంకె! సాధారణంగా ఈ లెక్క 60 దాటితే పూర్తి డోసుకు వెళ్తారు, 50 కింద ఉంటే వేరే దారి ఆలోచిస్తారు. ఈ లెక్క మీరు వేసి మీరే నిర్ణయం తీసుకోమని కాదు. అమ్మ బాగా చిక్కిపోయిందని, బరువు మళ్లీ చూసి లెక్క వేయమని డాక్టరుకు గుర్తుచేయడానికి ఇది చాలు.

ఇంట్లో ఆ పది రోజులు

అన్నిటికన్నా ముందు వాంతులు. సిస్‌ప్లాటిన్ వాంతులు రెండు విడతలుగా వస్తాయి. మొదటి రోజువి ఆసుపత్రిలో ఇచ్చిన మందులతో అణగుతాయి. రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా వచ్చేవి ఇంట్లోనే వస్తాయి. వాంతి తగ్గిందని ఇంటికిచ్చిన మాత్రలు ఆపేయడం మన అలవాటు. ఆపకండి. డాక్టరు రాసిన అన్ని రోజులూ, గంటల ప్రకారం వేయండి. వాంతి వచ్చాక వేసే మాత్ర కడుపులో నిలవదు. ఇక్కడ కాపాడుతున్నది నోటి రుచిని మాత్రమే కాదు. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది, గొట్టంలో ప్రవాహం మందగిస్తుంది, అప్పటికే దెబ్బతిన్న కణాలకు ఆక్సిజన్ అందదు.

నీళ్లు ఎన్ని తాగాలి? గుండె జబ్బు గానీ ముందు నుంచే కిడ్నీ జబ్బు గానీ లేనివారు మొదటి నాలుగైదు రోజులు రోజుకు రెండున్నర, మూడు లీటర్లు తాగేలా చూడాలి. ఆ జబ్బులున్నవారికి కొలత డాక్టరే చెప్పాలి. ‘నీళ్లు బాగా తాగు నాన్నా’ అంటే ఎవరూ తాగరు. లీటరు సీసాలు పొద్దున్నే నింపి కనిపించే చోట పెట్టండి, సాయంత్రానికి ఎన్ని ఖాళీ అయ్యాయో చూడండి. ఒక్కసారి గ్లాసెడు తాగితే తిప్పేస్తుంది, పావుగంటకోసారి రెండు మూడు గుక్కలైతే నిలుస్తుంది. ఉత్త నీళ్లు మాత్రమే కాకుండా ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ, మిరియాల చారు, బార్లీ నీళ్లు మార్చి మార్చి ఇవ్వండి. విరేచనాలు కూడా ఉంటే ఓఆర్ఎస్ పొడి మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలిపి వాడాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున వేస్తే కొలత తప్పుతుంది. కొబ్బరినీళ్లు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, క్రియాటినిన్ పెరిగినవారు డాక్టరును అడిగే తాగాలి. రోజూ పొద్దున ఒకే వేళకు బరువు చూడండి. ఒక్క రోజులో కిలో తగ్గితే పోయింది కొవ్వు కాదు, నీరు. నిలుచుంటే కళ్లు తిరగడం, మూత్రం ముదురు పసుపు రంగులో కొంచెం కొంచెంగా రావడం, నీళ్లు తాగితే తాగినట్టే బయటికి రావడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి సెలైన్ పెట్టించండి. అలా ఒక్క రాత్రి ముందు వెళ్లడం వల్ల కిడ్నీ నిలబడిన సందర్భాలు ఎన్నో.

మెగ్నీషియం గురించి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. దెబ్బతిన్న గొట్టం దాన్ని వెనక్కి లాగలేదు, మూత్రంలో వదిలేస్తుంది. సిస్‌ప్లాటిన్ తీసుకున్నవారిలో సగం మందికి, అంతకన్నా ఎక్కువ మందికి కూడా ఇది తగ్గుతుంది. పిక్కలు పట్టేయడం, వేళ్లు కొంకర్లు పోవడం, మూతి చుట్టూ తిమ్మిరి, చేతులు వణకడం, గుండె దడ, ఏమిటో తెలియని నిస్సత్తువ దీని లక్షణాలు. రాత్రి పిక్క పట్టేస్తే ‘నీరసం’ అని సరిపెట్టుకోకండి. మెగ్నీషియం తక్కువగా ఉన్నంతకాలం పొటాషియం, కాల్షియం ఎన్ని మాత్రలు వేసినా నిలవవు. పైగా మెగ్నీషియం లోటు ఉన్న కిడ్నీ తర్వాతి డోసుకు మరింత సులువుగా దెబ్బతింటుంది. అందుకే చాలా కేంద్రాల్లో ఇప్పుడు సెలైన్‌లోనే మెగ్నీషియం కలిపి ఇస్తున్నారు. మీ దగ్గర ఇస్తున్నారా అని మర్యాదగా అడగడంలో తప్పులేదు.

ఇక కిడ్నీ మీద రెండో దెబ్బ పడకుండా చూడాలి. మన ఊళ్లలో ఆ రెండో దెబ్బ చాలాసార్లు నొప్పి సూది రూపంలో వస్తుంది. కీమో తర్వాత ఒళ్లు నొప్పులతో మూలుగుతుంటే పక్క వీధి ఆర్ఎంపీ గారిని పిలుస్తాం, ఆయన మంచి మనసుతోనే డైక్లోఫెనాక్ చేస్తారు. ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ కూడా ఇదే జాతి. కిడ్నీకి రక్తం తగ్గినప్పుడు నాళాన్ని తెరిచి ఉంచేందుకు శరీరం తయారుచేసుకునే పదార్థాలను ఈ మందులు ఆపేస్తాయి. మామూలు మనిషి తట్టుకుంటాడు. సిస్‌ప్లాటిన్ వారంలో ఉన్న కిడ్నీ తట్టుకోలేదు. నొప్పికి పారాసిటమాల్, అది చాలకపోతే డాక్టరు రాసే ట్రమడాల్, మార్ఫిన్ లాంటివి ఉన్నాయి. అయితే ముందు థర్మామీటరు పెట్టి చూడండి. 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టే జ్వరం కాదది, తెల్ల రక్తకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ చేరి ఉండవచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ మొదలుపెట్టబోతుంటే ‘సిస్‌ప్లాటిన్ నడుస్తోందండీ’ అని ఒక మాట చెప్పండి. అవి కూడా అవే కణాల్లో పేరుకుంటాయి. సీటీ స్కాన్‌కు ఎక్కించే రంగు మందు విషయంలోనూ ఆ మాట చెప్పాలి, వీలైతే స్కాన్‌ను కీమోకు కొన్ని రోజులు దూరం జరుపుతారు. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్, నీరు పోయే మాత్రలు వాడేవారు వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో వాటిని ఆపాలా అని ఫోన్ చేసి అడగాలి. నెలల తరబడి పరగడుపున వేసే గ్యాస్ మాత్ర కూడా మెగ్నీషియంను తగ్గించగలదు.

నాటు మందుల సంగతి సున్నితమైనది, అయినా చెప్పక తప్పదు. క్యాన్సర్ అని తెలియగానే బంధువులు ప్రేమతో వేరో పసరో తెస్తారు. గాడిదగడప, నల్ల ఈశ్వరి అనే మొక్కల్లో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కూడా అవే గొట్టపు కణాలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది, పైగా మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. పాదరసం, సీసం చేరిన భస్మాలు సరేసరి. తెచ్చినవారిని నొప్పించకుండా, ‘కీమో అయ్యేదాకా డాక్టరు ఏదీ వద్దన్నారు’ అని చెప్పి పక్కన పెట్టండి.

ముందే జాగ్రత్త పడాల్సినవాళ్లు

వయసు అరవై దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు, బాగా చిక్కిపోయినవారు, గొంతు పుండుతో మింగలేనివారు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. నోటి, గొంతు రోగులకు రేడియేషన్ మూడో వారం దాటాక నోరంతా పూసి గుక్క నీళ్లు దిగవు. ముక్కు గొట్టం పెడతామంటే వద్దని ఏడుస్తారు. ఆ గొట్టం ద్వారా వెళ్లే రెండు లీటర్ల నీరు కిడ్నీని కాపాడుతుందని నెమ్మదిగా చెప్పండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో గడ్డే మూత్రనాళాలను నొక్కి కిడ్నీ వాచేలా చేయవచ్చు. స్కాన్‌లో అలా ఉంటే ముందు స్టెంట్ వేసి దారి తెరిచాకే సిస్‌ప్లాటిన్ గురించి ఆలోచిస్తారు.

శ్రీకాకుళం జిల్లా వాళ్లకు ఒక మాట. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానంలో కారణం కచ్చితంగా తేలని కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మీకు చెప్పనక్కర్లేదు. అదీ ముందు గొట్టాలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం మీదే పడుతుంది, అదీ చప్పుడు లేకుండానే నడుస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలి క్యాన్సర్ వచ్చే ఆడవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ ఒకే ఇంట్లో కలవవచ్చు. విశాఖలోనో హైదరాబాదులోనో క్యాన్సర్ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ‘మాది ఉద్దానం, మా ఇంట్లో ఫలానావాళ్లకు డయాలసిస్ జరిగింది’ అని మీరే నోరు విప్పి చెప్పండి. ఫైలులో ఆ విషయం ఎవరూ రాయరు.

మిగతా మందుల గురించి క్లుప్తంగా. మెథోట్రెక్సేట్‌ను పెద్ద డోసులో ఇచ్చినప్పుడు అది పుల్లటి మూత్రంలో స్ఫటికాలుగా గట్టిపడి గొట్టాలను మూసేస్తుంది. అందుకే సోడా బైకార్బనేట్ ఎక్కించి మూత్రం పీహెచ్ 7 కన్నా తగ్గకుండా చూస్తారు. ఐఫోస్ఫమైడ్ తీసుకున్న చిన్నపిల్లల్లో ఫాస్ఫరస్ మూత్రంలో పోయి ఎముకలు మెత్తబడవచ్చు. దానితో ఇచ్చే మెస్నా మూత్రాశయాన్ని కాపాడుతుంది గానీ కిడ్నీని కాదు, కాబట్టి పిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి చూస్తుండాలి. జెమ్‌సిటాబిన్ అరుదుగా సన్నని రక్తనాళాల్లో గడ్డలు కట్టిస్తుంది, బెవాసిజుమాబ్ బీపీ పెంచి మూత్రంలో ప్రొటీన్ పోయేలా చేస్తుంది. రక్త క్యాన్సర్లలో మందు బాగా పనిచేసి కణాలు ఒక్కసారిగా కూలినప్పుడు పుట్టే యూరిక్ ఆమ్లమే కిడ్నీని ముంచుతుంది. అలోప్యూరినాల్ ముందే మొదలుపెట్టేది దానికోసమే.

దెబ్బ తగిలిందని తేలితే? గొట్టపు కణాలకు తిరిగి పుట్టే శక్తి ఉంది. చనిపోకుండా మిగిలిన కణాలు చదునుగా సాగి ఖాళీలను కప్పుతాయి, ఆ తర్వాత విభజన చెంది గోడను మళ్లీ కడతాయి. చాలామందిలో కొన్ని వారాల్లో క్రియాటినిన్ కిందికి దిగుతుంది. కానీ గోడ కట్టుకోకముందే మళ్లీ మందు పడితే, ఆ తర్వాత మళ్లీ పడితే, కొత్త కణాల బదులు మచ్చ కడుతుంది. అది తిరిగి రాని నష్టం. కాబట్టి డాక్టరు కీమోను ఒక వారం వాయిదా వేస్తే కంగారు పడకండి, ‘జబ్బు పెరిగిపోతుందేమో’ అని ఒత్తిడి చేయకండి. కొందరికి డోసు తగ్గిస్తారు, కొందరికి వారం వారం చిన్న డోసులకు మారుస్తారు. కొందరికి కార్బోప్లాటిన్ ఇస్తారు. అది కిడ్నీకి బాగా మెత్తన, దాని డోసును కిడ్నీ పనితీరు కొలిచే కడతారు. అయితే అన్ని క్యాన్సర్లలోనూ అది సిస్‌ప్లాటిన్‌కు సాటి రాదు. వృషణాల క్యాన్సర్‌లో వెనకబడుతుందని పరీక్షల్లో తేలింది. అందుకే ‘కిడ్నీ చెడుతుందట, ఈ మందు వద్దు’ అని మీ అంతట మీరు ఆపేయడం పెద్ద ప్రమాదం. నయం చేసే మందును నయమయ్యేదాకా తీసుకోగలగడం కోసమే ఈ జాగ్రత్తలన్నీ.

చికిత్స మొత్తం ముగిసిన రోజున, మొత్తం ఎన్ని మిల్లీగ్రాముల సిస్‌ప్లాటిన్ ఎక్కిందో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. ఈ మందు తీసుకున్నవారి రక్తంలో పదేళ్లు దాటాక కూడా ప్లాటినం ఆనవాళ్లు దొరికాయి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి క్రియాటినిన్, మెగ్నీషియం, బీపీ చూపించుకోండి. పదేళ్ల తర్వాత మోకాళ్ల నొప్పులకని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన మాత్రల పేర్లు రాయడానికి కలం తీసేలోపు, ఆ కాగితం ఆయన బల్ల మీద పెట్టండి.